సెంటున్నరలో ఊరు ఇముడుతుందా?

ఇళ్ళు లేస్తున్నాయి, ఊరు మాత్రం వెనకబడుతోంది - సీమ పల్లెలలో కొత్త కాలనీల తీరు

పొద్దుగూకే వేళకు గొడ్లు, జీవాలు మేత నుంచి తిరిగి వస్తాయి. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో ఏ మెట్ట పల్లెకు వెళ్ళినా ఆ గంటలోనే పాత ఊరికీ, కొత్త కాలనీకీ వున్న తేడా తెలిసిపోతుంది. పాత ఊరి వీధిలోకి వచ్చిన ఎద్దు తన ఇంటి గుమ్మాన్ని గుర్తుపట్టి తానే ఆగుతుంది. లోపల గాడిపాడు, పక్కన కుడితి తొట్టి, వెనక దొడ్లో జొన్నచొప్ప వామి, ఆ వెనక పేడదిబ్బ వుంటాయి. ఊరి బయట మిట్టమీద కట్టిన కాలనీలో ఇళ్ళు వరుసగా, చూడ ముచ్చటగా వుంటాయి. సిమెంటు కప్పు, ఇంటికో మరుగుదొడ్డి, గోడమీద లబ్ధిదారు పేరు అన్నీ వుంటాయి. ఎద్దును కట్టడానికి మాత్రం చోటు వుండదు.

అందుకే చాలా పల్లెలలో కాలనీలో ఇల్లు వచ్చిన సేద్యగాడు గొడ్లను పాత ఊళ్ళో అన్నదమ్ముల దొడ్లోనే కట్టేసి, చీకటి పడ్డాక కాలనీకి నడిచి వెళుతున్నాడు. తెల్లవారుజామున పాలు పితకడానికి మళ్ళీ ఊళ్ళోకి రావాలి. కొందరు ఈ తిరుగుడు పడలేక కొత్త ఇంటికి తాళం వేసి పాత కొట్టంలోనే వుండిపోతున్నారు. ఇల్లు పూర్తయినట్లు లెక్కలో చేరుతుంది. అందులో పొయ్యి మాత్రం వెలగదు.

ఇళ్ళు లేని వారికి ఇళ్ళు ఇవ్వాలన్న దానిమీద ఎవరికీ పేచీ లేదు. ఎక్కడ, ఎంత స్థలంలో, దేని పక్కన ఇవ్వాలన్న దానిమీదే ఆలోచన కొరవడింది.

మిద్దె నేర్పిన పాఠం

రాయలసీమలో పాత ఇల్లంటే మట్టిమిద్దె. రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటిపై కట్టెలు, ఆకు పరిచి మట్టి మెత్తేవారు. పైన చౌడు మన్ను పోసేవారు. చౌడు తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. వానకాలానికి ముందు ఏటా కాస్త చౌడు తెచ్చి పోసుకుంటే చాలు. వెలుతురు కోసం పైన గవాచి వుండేది. మే నెలలో బయట నిప్పులు చెరిగినా మిద్దె కింద చల్లగా వుండేది. రాత్రిపూట పైన పడుకునేవారు, పగలు మిరపకాయలు, శెనక్కాయలు ఎండబోసుకునేవారు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలలో నాపరాయి దొరుకుతుంది గనుక నేలకు, గోడలకు, కొన్నిచోట్ల కప్పుకు కూడా బండలే వాడారు.

ఈ ఇంటికి లోపాలు లేకపోలేదు. ముసురు పట్టి నాలుగు రోజులు వాన వదలకపోతే గోడ ఉబ్బి కూలుతుంది. గాలి సరిగా ఆడదు. మనుషులు, గొడ్లు ఒకే కప్పు కింద వుండడం ఆరోగ్యానికి మంచిది కాదని వైద్యులు చెబుతూనే వున్నారు. కాని ఆ ఇంటిని కట్టినవాడికి ఒక సంగతి తెలుసు. మెట్ట సేద్యంలో ఇల్లు అంటే పడుకునే గది ఒక్కటే కాదు. గింజలు, మేత, ఎరువు, గొడ్డు, కాడి, గుంటక అన్నిటికీ చోటు కలిపితేనే ఇల్లు. కొత్త ఇళ్ళ నమూనాలు గీసేటప్పుడు గోడల మందం, కప్పు కొలతలు చూశారు గాని ఈ సంగతిని వదిలేశారు.

పాత ఊరు అందరికీ ఒకే తీరుగా మేలు చేసిందనీ చెప్పలేము. దళితవాడలు ఊరికి ఎడంగా, ఇరుకు స్థలాలలో, నీళ్ళకు దూరంగా వుండేవి. ఒక్కో కొట్టంలో రెండు మూడు కుటుంబాలు తలదాచుకున్న రోజులున్నాయి. అలాంటి వారికి ప్రభుత్వం ఇచ్చిన పట్టాయే తరతరాలలో చేతికందిన మొదటి కాగితం. కాలనీ వద్దు, పాత ఊరే ముద్దు అంటే వారికి అన్యాయం చేసినట్లే అవుతుంది. కాలనీయే సరిగా వుండాలని అడగడం న్యాయం.

పథకాల వరుస

పల్లెలలో పేదల ఇళ్ళకు ప్రభుత్వాలు తక్కువేమీ చేయలేదు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1980 దశకంలో బలహీన వర్గాలకు పక్కా ఇళ్ళ నిర్మాణం ఊపందుకుంది. కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజనను ప్రారంభించి, 1996 నుంచి దానిని విడి పథకంగా నడిపింది. రాష్ట్రంలో 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. 2016లో ఇందిరా ఆవాస్ స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. ఒక్కో పథకం పేరుతో ఒక్కో వరుస ఇళ్ళు లేచాయి. ఊరి బయట రోడ్డు వెంట నడిస్తే ఏ కాలంలో ఎవరు పాలించారో ఇళ్ళ ఆకారాన్ని బట్టే చెప్పవచ్చు.

2020 డిసెంబరు 25న రాష్ట్రవ్యాప్తంగా 30 లక్షలకు పైగా ఇళ్ళ స్థలాల పంపిణీ మొదలైంది. పట్టాలు ఆడవారి పేరిట ఇవ్వడం అందులో మెచ్చదగిన అంశం. పట్టణాలలో సెంటు, పల్లెలలో సెంటున్నర చొప్పున స్థలం నిర్ణయించారు. ఇంటి కొలత 340 చదరపు అడుగులు, ఇంటికి సాయం లక్షా 80 వేల రూపాయలు. ఇంత చిన్న స్థలాలలో ఇళ్ళు కట్టడంపై హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2021 అక్టోబరులో ఏకసభ్య ధర్మాసనం నిర్మాణాలు నిలిపివేయాలని తీర్పు ఇవ్వగా, ఆ తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. 2024లో ప్రభుత్వం మారింది. ఇకపై పల్లెలలో 3 సెంట్లు, పట్టణాలలో 2 సెంట్లు ఇవ్వాలని 2025 జనవరిలో నిర్ణయించారు.

సెంటున్నర లెక్క

సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. సెంటున్నర అంటే సుమారు 653 చదరపు అడుగులు. అందులో ఇల్లు 340 పోగా మిగిలేది 313. మెట్లు, నీళ్ళ తొట్టి, గోడకూ గోడకూ నడుమ సందు ఇందులోనే సర్దుకోవాలి. వాటిని పక్కన పెట్టి లెక్క వేసినా చిక్కు తెలుస్తుంది. పదిహేను అడుగుల అడ్డకొలతతో ఒక వామి వేస్తే 177 చదరపు అడుగులు పోతాయి. ఒక జత ఎద్దులకు పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున పాక వేస్తే మరో వంద. ఇక మిగిలేది 36 అడుగులు. పేడదిబ్బ ఎక్కడ వేయాలి? నాలుగు మేకలను ఎక్కడ కట్టాలి? బండి ఎక్కడ నిలపాలి? పెళ్ళయిన కొడుకుకు ఇంకో గది ఎక్కడ వేయాలి? పశువుల పాకకు ఉపాధి హామీ కింద సాయం వచ్చినా, పాక వేయడానికి ముందు స్థలం వుండాలి గదా!

3 సెంట్లు ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. 1,306 చదరపు అడుగులంటే ఇంటి వెనక దొడ్డి నిలుస్తుంది. అయితే దీనికి వేరే లెక్క వుంది. ఎకరా స్థలంలో రోడ్లకు, ఖాళీకి మూడో వంతు పోతుందనుకుంటే సెంటున్నర చొప్పున 44 ఇళ్ళు పడతాయి. 3 సెంట్ల చొప్పున 22 ఇళ్ళే పడతాయి. అంటే రెట్టింపు భూమి కావాలి. ఊరి పక్కన భూమి ధర ఎక్కువ గనుక చూపు దూరాన వున్న గుట్ట మీదికో, బీడు మీదికో పోతుంది. స్థలం పెరిగి దూరం కూడా పెరిగితే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్లే. కాబట్టి ఎన్ని సెంట్లన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఊరికి ఎంత దగ్గరన్న ప్రశ్న కూడా దాని పక్కనే రావాలి.

వలస కుటుంబాలకు ఈ దూరం మరీ భారం. ఆదోని, ఆలూరు, పత్తికొండ, కోసిగి ప్రాంతాల నుంచి కూలీలు మిరప కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వెళ్ళడం ఏటా వున్నదే. వెళ్ళేటప్పుడు ముసలివాళ్ళను, బడి పిల్లలను, మేకలను బంధువుల కనుచూపు మేరలో వదిలి వెళతారు. పాత వీధిలో అత్తయ్యో, పెద్దమ్మో గోడ అవతలే వుంటుంది. లాటరీ తీసి ఇళ్ళు పంచిన కాలనీలో పక్క ఇల్లు ఎవరిదో, వారు కూడా వలస పోయారో ఏమో! ఆ సంసారానికి ఇల్లు కట్టివ్వడంతోనే భద్రత రాదు.

ఎండిన వంక ఖాళీ జాగా కాదు

స్థలం వెతికేటప్పుడు జరిగే మరో పొరపాటు వంకలకు సంబంధించింది. ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా ఏడాది పొడవునా పంచినట్లు రాదు. వచ్చిననాడు ఒక్క పూటలో కుంభవృష్టిగా వస్తుంది. వరుసగా నాలుగైదేళ్ళు నీరు పారని వంక చూడడానికి చదునైన పోరంబోకులా కనిపిస్తుంది. కంపచెట్లు కొట్టించి, నాలుగు బండ్ల గరుసు తోలితే లేఅవుటుకు సిద్ధమైనట్లే వుంటుంది. వంకకు మాత్రం తన దారి గుర్తుంటుంది.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని, మంత్రాలయాన్ని, నదీతీర గ్రామాలను ముంచెత్తిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరుపై వున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి తదితర గ్రామాలలో ఇళ్ళు కొట్టుకుపోయాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు. అది కరువు జిల్లాగా పేరు పడిన చోట జరిగింది. కరువు సీమలో వరద రాదనుకుని స్థలం ఎంచడం ఎంత ప్రమాదమో ఈ రెండు సంఘటనలు చెబుతున్నాయి. వంక ఏ గట్టు దాకా పొర్లిందో ఊళ్ళో గొర్రెల కాపరికి తెలుసు, నీరుగట్టు వాడికి తెలుసు. కొలతలు వేసే రోజున వారిని కూడా పిలిచి అడిగితే ఖర్చు లేకుండా సగం జాగ్రత్త పూర్తవుతుంది.

నేలను బట్టి పునాది

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో నేల ఒక తీరుగా లేదు. పత్తికొండ, డోన్, రాయచోటి వైపు ఎర్రనేలలు ఎక్కువ. కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు, కమలాపురం వైపు నల్లరేగడి. ఎర్రనేలలో కాస్త లోతుకే గట్టి నేల తగులుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పైపైన పునాది వేస్తే రెండు వేసవులు గడిచేసరికి గోడ మూలలు చీలుతాయి. గట్టి నేల తగిలే దాకా తవ్వాలి, లేదా గరుసు నింపి దిమ్మిస కొట్టాలి. ఈ సంగతి తెలియని బేల్దారి ఈ ప్రాంతంలో వుండడు. కాని ఇంటి సాయం మాత్రం ఏ నేలకైనా ఒక్కటే. నల్లరేగడి మీద ఇల్లు వచ్చిన పేదవాడు సాయంలో పెద్దభాగం భూమి లోపలే పాతిపెట్టి, పైగోడలకు వడ్డీకి అప్పు తెస్తున్నాడు. నేలను బట్టి పునాదికి అదనపు సాయం ఇవ్వడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఊరి నడుమ మొండిగోడలు

ఊరి బయట స్థలం కోసం ఇంత వెతుకులాట జరుగుతుంటే, చాలా ఊళ్ళ నడిబొడ్డున కూలిన మిద్దెలు, మొండిగోడలు, కంప మొలిచిన పాడు జాగాలు కనిపిస్తాయి. పక్కనే సిమెంటు రోడ్డు వుంటుంది, కుళాయి వుంటుంది, కరెంటు స్తంభం వుంటుంది. బడి, గుడి, రచ్చకట్ట నాలుగడుగుల దూరంలో వుంటాయి. అయినా అక్కడ ఇల్లు లేవదు.

కారణం కాగితం. పల్లెలో నివాసాలున్న భూమిని పాత సర్వే రికార్డులలో గ్రామకంఠం అని ఒకే నంబరు కింద చూపారు. లోపల ఏ ఇల్లు ఎవరిదో, ఎన్ని గజాలో విడివిడిగా రాయలేదు. అనుభవంలో వున్నవాడే హక్కుదారు. ముత్తాత మిద్దె నలుగురు కొడుకులకు, పదకొండు మంది మనుమలకు వాటా పడుతుంది. ఇద్దరు బెంగుళూరులో, ఒకరు హైదరాబాదులో వుంటారు. అమ్మడానికి అందరి సంతకాలు దొరకవు. కట్టడానికి బ్యాంకు అప్పు పుట్టదు. మిద్దె కూలుతుంది, జాగా పాడుబడుతుంది.

ఈ చిక్కు తీర్చడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. గ్రామకంఠంలోని ఇళ్ళను డ్రోన్లతో కొలిచి యజమానులకు పత్రాలు ఇవ్వడం దీని ఉద్దేశం. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే కూడా మొదలైంది. కొలవడం ఒక ఎత్తు, వాటాదారుల నడుమ పంపకం తేల్చడం మరో ఎత్తు. గ్రామసభలో పెద్దలను కూర్చోబెట్టి ఒక్కో పాడు జాగాను పరిష్కరిస్తే, ఊరిలోపలే పది ఇళ్ళకో, ఇరవై ఇళ్ళకో చోటు దొరికే పల్లెలు ఎన్నో వున్నాయి. అక్కడ కొత్తగా రోడ్డు వేయక్కరలేదు, బోరు తవ్వక్కరలేదు.

రోడ్డు పక్క చేలను ముక్కలు చేసి అమ్మే తీరు మరొకటి. పంచాయతీలలో లేఅవుట్లకు 2002లోనే నిబంధనలు వచ్చాయి. పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదం తీసుకోవాలని, పది శాతం స్థలం ఖాళీగా వదలాలని వాటిలో వుంది. ఎకరా, అరెకరా చేను అమ్మేవాడు ఇవేవీ లేకుండానే నాలుగు రాళ్ళు పాతి రిజిస్టరు చేసిస్తున్నాడు. పదేళ్ళకు ఇళ్ళు నిండాక మురుగు పోయే దారి లేక, ట్రాక్టరు తిరిగే చోటు లేక, తగాదాలు పంచాయతీ గుమ్మానికి చేరుతున్నాయి. పేదల కాలనీకైనా, అమ్మకపు స్థలాలకైనా ముందుచూపు లేకపోతే ఫలితం ఒక్కటే.

మునిగిన ఊళ్ళు నేర్పిన చట్టం

ఊరంటే ఇళ్ళ వరుస కాదన్న సంగతి ఈ ప్రాంతం పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగాయి. 1981లో నీరు నింపే ముందు జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించారు. ఇంటికి ఇంత, ఎకరాకు ఇంత అని పరిహారం కట్టారు. బావి నీడ, మేత బీడు, ఇరుగు పొరుగు, చేబదులు ఇచ్చే శెట్టి దుకాణం ఎవరి లెక్కలోకీ రాలేదు. నలభై ఏళ్ళ తర్వాత కడప జిల్లాలో గండికోట జలాశయం నింపినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు వాసులు ఊరు వదలడానికి ఎంత తల్లడిల్లారో 2020లో అందరూ చూశారు.

ఇలాంటి అనుభవాలు దేశమంతటా పోగై 2013లో భూసేకరణ, పునరావాస చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టంలోని మూడో షెడ్యూలు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. నిర్వాసితులకు కట్టే కొత్త ఊళ్ళో రోడ్లు, మురుగు కాలువలు, తాగునీరు, అంగన్‌వాడీ, బడి వుండాలని చెప్పి అక్కడితో ఆగలేదు. పశువులకు తాగునీరు, మేత భూమి, విత్తనాలు ఎరువుల గిడ్డంగి, శ్మశానం, పిల్లల ఆటస్థలం, పశువైద్య కేంద్రం కూడా వుండాలని రాశారు. ప్రతి యాభై కుటుంబాలకు ఒక ప్రార్థనా స్థలం, చెట్టు కింద ఒక రచ్చకట్ట వుండాలని కూడా అందులో వుంది. రచ్చకట్టను చట్టంలో రాసినవారికి ఊరు అంటే ఏమిటో తెలుసనే చెప్పాలి.

అయితే ఈ జాబితా ఊరు మునిగినవారికే వర్తిస్తుంది. ఊరు మునగకుండా, ఇల్లు లేక కాలనీకి వెళ్ళేవారికి ఇందులో ఒక్కటీ హక్కుగా రాదు. పశువులకు నీళ్ళ తొట్టి కావాలంటే ఊరు మునగాలా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

పక్కపక్కనే రాసిన అంశాలు

పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో చేర్చారు. అందులో పదోది గ్రామీణ గృహనిర్మాణం. పదకొండోది తాగునీరు. పన్నెండోది వంటచెరకు, పశుగ్రాసం. పదమూడోది రోడ్లు. ఇల్లు, నీరు, మేత, దారి నాలుగూ రాజ్యాంగంలో వరుసగా, పక్కపక్కనే వున్నాయి. పల్లెలో మాత్రం ఇల్లు ఒక శాఖ కడుతుంది, నీరు మరో శాఖ తెస్తుంది, దారికి ఇంకో పద్దు నుంచి నిధులు రావాలి, మేత సంగతి ఎవరికీ పట్టదు. నాలుగూ ఒకేసారి రాకపోవడం వల్లనే ఇళ్ళు పూర్తయిన చోట కుళాయి లేక, కుళాయి వున్నచోట దారి లేక ఏళ్ళు గడుస్తున్నాయి.

పంచాయతీలు ఏటా గ్రామసభ జరిపి అభివృద్ధి ప్రణాళిక తయారుచేస్తున్నాయి. ఇంటి స్థలాల ఎంపికను ఆ ప్రణాళికలో మొదటి అంశంగా పెట్టడానికి కొత్త చట్టం ఏదీ అక్కరలేదు. ఊరి పటం గోడకు అంటించి, పాడు జాగాలు, వంకలు, మేత బీడు, కల్లాలు గుర్తించి, ఆ తర్వాతే స్థలం నిర్ణయించవచ్చు. ఒకేచోట రెండు వందల ఇళ్ళ కాలనీకి బదులు ఊరిని ఆనుకుని నాలుగు వైపులా పదేసి, పదిహేనేసి ఇళ్ళు వేయవచ్చు. పది ఇళ్ళ వరుసకు ఉమ్మడిగా ఒక వామిదొడ్డి, ఒక నీళ్ళ తొట్టి, నాలుగు వేపచెట్లు పెట్టవచ్చు. ఇప్పటికే సెంటున్నరలో ఇళ్ళు కట్టుకున్నవారికి 3 సెంట్లు ఎలాగూ రావు. కనీసం కాలనీ పక్కన అరెకరా ఉమ్మడి దొడ్డికి వదిలితే వారి గొడ్లు వారి కళ్ళ ముందుంటాయి.

చిన్న కాలనీ కడితే శంకుస్థాపన రాయి పెద్దగా వుండదు, పత్రికలో ఫొటో పడదు. కాని ఊరిని ఆనుకున్న పది ఇళ్ళలో పదిటిలోనూ దీపం వెలుగుతుంది. దూరాన కట్టిన రెండు వందల ఇళ్ళలో ఎన్నిటికి తాళాలు పడ్డాయో సాయంత్రం పూట ఒకసారి నడిచి చూస్తే తెలుస్తుంది. 3 సెంట్ల స్థలాల కోసం భూములు వెతికే అధికారులు పటాలతో బయలుదేరే ముందు ఆ గంటలో, గొడ్లు తిరిగి వచ్చే వేళ, పల్లెకు వచ్చి ఎద్దు ఎక్కడ ఆగుతుందో గమనించడం మంచిది.